భోజనం తప్పినా మాత్ర తప్పరాదట!

మందుల చీటీ మీద 1-1-1 అని మూడు అంకెలు గీసి ఇవ్వడంలోని గాంభీర్యం అందరికీ అర్థమయ్యేది కాదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. రోగి పస్తున్నా, ప్రయాణంలో ఉన్నా, వాంతులతో మంచం పట్టినా ఆ అంకెలు చలించవు. ఇంత నిబ్బరం గల శాసనాన్ని ధిక్కరించే మందు ఒకటి ఉందని తెలిసినప్పుడు సంప్రదాయవాదిగా నేను ఎంతో కలత చెందాను. రెండో రకం మధుమేహానికి భోజనవేళల్లో ఇచ్చే ఆ మందు పేరు రెపాగ్లినైడ్. అమెరికాలో 1997లో అనుమతి పొందిన నాటి నుంచీ దానిది ఒకటే మొండిపట్టు: అది గడియారాన్ని లెక్కచేయదు, కంచాన్ని చూస్తుంది.

పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అన్నట్టు, అర మిల్లీగ్రాము మాత్రకు శాసనం విలువ ఏం తెలుస్తుందని మొదట అనుకున్నాను. కానీ దాని పనితీరు వింటే మొండితనానికి కారణం లేకపోలేదు. మింగిన గంటకల్లా అది రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరి, తరువాత గంటగంటకూ దాదాపు సగానికి సగం తరిగిపోతుంది. ఆ కాస్త వ్యవధిలోనే క్లోమంలో ఇన్సులిన్‌ను తయారుచేసే బీటా కణాల పొటాషియం ద్వారాలను మూసి, కాల్షియం ద్వారాలను తెరిపించి, లోపల దాగిన ఇన్సులిన్‌ను బయటికి తోలుతుంది. అంటే ఇది భోజనం వస్తోందని ఊరంతా దండోరా వేసే తలారి వంటిది. దండోరా విన్న ఇన్సులిన్ పరుగున వచ్చి నిలబడుతుంది. తీరా భోజనం రాకపోతే ఒట్టి చేతులతో వెనక్కి పోదు, ఒంట్లో ఉన్న చక్కెరనే ఊడ్చుకుపోతుంది. అందుకే మాత్రను తినడానికి ముందు అరగంట లోపు, సాధారణంగా 15 నిమిషాల ముందు వేసుకోవాలనీ, పూట మానేస్తే ఆ పూట మాత్ర కూడా మానేయాలనీ, అదనంగా ఒక పూట తింటే దానికి తగ్గట్టు మరొకటి వేసుకోవచ్చనీ నియమం పెట్టారు. ఎన్ని మాత్రలు మింగాలో రోగి కడుపు నిర్ణయించడమంటే ఇక చీటీకి మిగిలే గౌరవం ఏమిటి?

నేను మాత్రం ఆ గౌరవాన్ని ప్రాణం మీదికి తెచ్చుకుని మరీ కాపాడాను. నాకు రాసిచ్చిన చీటీలో 1-1-1 తప్ప మరో అక్షరం లేదు కనుక, ఒక మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకు మాత్ర వేసుకుని సమావేశంలో కూర్చున్నాను. అధ్యక్షుల వారు రెండు ముక్కలు మాట్లాడి ముగిస్తానన్నారు. ఆ రెండు ముక్కల్లో మొదటిది ఇంకా సాగుతుండగానే నా చొక్కా వీపుకు అంటుకుంది, గుండె దడదడలాడింది, ఎదుటి వారి ముఖాలు నీళ్ళలో కనిపించినట్టు కదలసాగాయి. నేను రాసుకుంటున్న కాగితం వంక చూస్తే అక్షరాలన్నీ వానపాముల్లా మెలికలు తిరిగి ఉన్నాయి. డాక్టర్ల చేతిరాత అలా ఎందుకుంటుందో నాకు ఆనాడు బోధపడింది. పాపం, వారికీ భోజనం ఆలస్యమవుతూ ఉంటుంది కాబోలు. పక్కాయన గ్లూకోమీటరులో 58 కనిపించింది. 70 కంటే తగ్గితేనే షుగర్ పడిపోయినట్టు లెక్క. ఆయన 15 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాల తరువాత మళ్ళీ చూశారు. అధ్యక్షుల వారు అప్పటికి రెండో ముక్కకు వచ్చారు.

మోతాదు విషయంలో ఈ మందుది పిసినారి బుద్ధి. మునుపు మధుమేహానికి మందు వాడని వారికీ, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) 8 శాతం లోపు ఉన్న వారికీ పూటకు 0.5 మిల్లీగ్రాముతో మొదలుపెట్టాలట. పెంచాలంటే కనీసం వారం ఆగాలట. పూటకు 4, రోజుకు 16 మిల్లీగ్రాములు దాటరాదట. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్న వారికి కూడా ఆ అర మిల్లీగ్రాముతోనే ఆరంభం.

ఇవన్నీ సహించవచ్చు గానీ, రోగి ఇంకేం మందులు వాడుతున్నాడో అడగాలనడం మాత్రం మర్యాద మీరడమే. ఒక డాక్టరు చీటీని ఇంకొక డాక్టరు చదవడం పరాయి వారి ఉత్తరం విప్పడం వంటిది కదా! రక్తంలోని ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు తగ్గడానికి ఒకరు జెంఫైబ్రోజిల్ రాస్తారు, చక్కెర తగ్గడానికి మరొకరు రెపాగ్లినైడ్ రాస్తారు, ఇద్దరూ తమ తమ ధర్మం నిర్వర్తించారు. కాలేయంలో రెపాగ్లినైడ్‌ను కరిగించే ఎంజైమును ఆ మొదటి మందు కట్టి పడేయడం వల్ల రక్తంలో దీని మోతాదు సుమారు 8 రెట్లవుతుంది, అందుకే ఈ రెండింటినీ కలిపి ఇవ్వడం నిషిద్ధం. రక్తం గడ్డకట్టకుండా గుండె డాక్టరు రాసే క్లోపిడోగ్రెల్ కూడా ఇదే తంతు జరిపించి, దాదాపు 5 రెట్లు చేయగలదు. వీలైతే ఈ జంటను కలపకూడదు, తప్పనిసరైతే రెపాగ్లినైడ్ రోజు మొత్తానికి 4 మిల్లీగ్రాములు మించకూడదు. ఇక గుండె వేగాన్నీ, రక్తపోటునూ తగ్గించే బీటా బ్లాకర్లు వాడే వారికి షుగర్ పడిపోయినా దడ, వణుకు అంతగా తెలియవు. వారికి మిగిలే సాక్షి చెమట ఒక్కటే. ఎండాకాలంలో దాని సాక్ష్యం చెల్లదు.

భోజనపు మాత్రల్లో అకార్బోజ్ అనే మరొకటుంది. దానిని మొదటి ముద్దతోనే వేసుకోవాలి. అది పేగుల్లో పిండిపదార్థాలనూ, పంచదారనూ త్వరగా విడిపోనివ్వదు. రెండూ వాడే మనిషికి షుగర్ పడిపోతే ఇంటిల్లిపాదీ గుప్పెళ్ళతో పంచదార తినిపిస్తారు, అది పేగుల్లో తాపీగా కూర్చుంటుంది. అలాంటి వారికి నేరుగా గ్లూకోజే ఇవ్వాలని చీటీలో ఒక్క ముక్క రాస్తే సరిపోయేది గానీ, 1-1-1 పక్కన చోటెక్కడుంది?

చివరికి నేనే లొంగిపోయి, నా భోజనవేళలన్నీ ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన దానిని ఓపికగా చదివి, పాత అంకెలు కొట్టివేసి, 'తింటే ఒకటి, తినకపోతే వద్దు' అని గుండ్రటి అక్షరాలతో రాశారు. మందుల షాపులో కుర్రవాడు ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతకీ రోజుకు ఎన్నండీ?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే మాత్రల అట్ట వెనుక కలంతో మూడు గీతలు గీసి నా చేతిలో పెట్టాడు.