గంటస్తంభం ధర్మాసనం ముందు జాతీయ కోచ్

భారత ఫుట్‌బాల్ జట్టు బాగుపడుతోందా, చెడిపోతోందా అన్నది తేల్చే అధికారం జ్యూరిచ్‌లో ఉన్న ఫిఫాదని లోకం భ్రమపడుతోంది. ఆ అధికారం విజయనగరం గంటస్తంభానికి కూతవేటు దూరంలో ఉన్న ఒక టీకొట్టు బెంచీకి దఖలుపడి చాలా కాలమైంది. ఫిఫా ఏవేవో సూత్రాలతో లెక్కలు వేసుకుని, తీరిక చూసుకుని ర్యాంకులు ప్రకటిస్తుంది. మా బెంచీ మాత్రం ఆట ముగిసీ ముగియగానే, అల్లం టీ చల్లారేలోపు తీర్పు చెప్పేస్తుంది. వాయిదాలతో విసిగిపోయిన కక్షిదారులు ఒకసారి ఇటువైపు వచ్చి చూసిపోతే వాళ్లకు న్యాయం మీద నమ్మకం కలుగుతుంది. తీర్పు మర్నాటికి మారిపోతుందన్నది వేరే విషయం.

అసలు ఈ కేసులు విచారించే అర్హత మీకెక్కడిదని విశాఖపట్నం నుంచి వచ్చిన ఒకాయన అడిగాడు. చెప్పాం. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు సారథి ఎవరు? మహారాజకుమార్ ఆఫ్ విజయనగరం, అంటే మా విజ్జీ. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశారు. జట్టులో బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టు మొదలు కాకముందే ఓడెక్కించి ఇంటికి పంపించేశారు. సిరీస్‌ను 2-0తో సమర్పించుకుని, అదే పర్యటనలో సర్ బిరుదు పుచ్చుకున్నారు. ఊళ్లో ఆయన పేరిట స్టేడియం కూడా ఉంది. జాతీయ జట్టును ఎలా నడపకూడదో ఇంటి మనిషి ద్వారానే నేర్చుకున్న ఊరు దేశంలో ఇంకొకటి ఉంటే చూపించమన్నాం. ఆయన మారు మాట్లాడకుండా అందరి టీలకూ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. ఆ విధంగా మా పరిధి ఖరారైంది.

ధర్మాసనంలో శాశ్వత సభ్యులు ముగ్గురు. ఒకరు విశ్రాంత లెక్కల మాస్టారు. ఇంకొకరు మందుల దుకాణం యజమాని, పాతకాలపు జాతీయ కోచ్ రహీం సాహెబుతోనే మన ఆట పోయిందని నమ్మే మనిషి. మూడో సభ్యుడు అర్ధరాత్రి దాటాక ఇంగ్లండ్ క్లబ్బుల మ్యాచ్‌లు చూసి, మర్నాడు ఎర్రకళ్లతో మన జట్టును చూసి బాధపడే ఇంజనీరింగ్ కుర్రాడు. నేను రాతకోతలు చూసే గుమాస్తాను. నాకు ఓటు లేదు.

జట్టు ఎంత ఎదిగిందో కొలవడం మా ప్రాంతంలో ఇంత కష్టమైన పని కాదు నిజానికి. పక్క శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట బిడ్డ కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడకు వెళితే ఇంటింటా బరువులెత్తేవాళ్లు కనిపిస్తారు. అక్కడ వాదనలకు చోటు లేదు. నిరుడు ఎంత ఎత్తావు, ఈ ఏడు ఎంత ఎత్తావు, అంతే. బరువు లేచిందో లేదో న్యాయనిర్ణేతల దీపాలు చెబుతాయి. ఫుట్‌బాల్‌కు ఆ సదుపాయం లేదు కనుక ధర్మాసనం సొంత కొలమానం తయారు చేసుకుంది. గెలిస్తే అవతలి జట్టు బలహీనం. ఓడితే కోచ్ బలహీనుడు. డ్రా అయితే రిఫరీ అమ్ముడుపోయాడు. ఈ కొలమానంతో ఇంతవరకు ఎవరూ ఉత్తీర్ణులు కాలేదు కాబట్టి ఇది చాలా కఠినమైన, నమ్మదగిన కొలమానమని మాస్టారి అభిప్రాయం.

పాత కేసులను క్లుప్తంగా చెబుతాను. క్రొయేషియా నుంచి వచ్చిన ఇగోర్ స్టిమాచ్ 2019 నుంచి ఐదేళ్లు ఉన్నారు. 2022లో అఫ్గానిస్థాన్‌తో ఆటకు ముందు ఆయన ఆటగాళ్ల జాబితాను ఒక జ్యోతిష్కుడికి పంపి గ్రహబలం చూపించుకున్నారని పత్రికల్లో వచ్చింది. దేశమంతా నవ్వింది. మా ధర్మాసనం నవ్వలేదు. ఆ ఆట 2-1తో గెలిచాం కదా అంది. గ్రహాలు చూపించినందుకు తప్పుపట్టలేదు, ఢిల్లీ జ్యోతిష్కుడి దాకా వెళ్లినందుకు పట్టింది. మన సిద్ధాంతిగారైతే గోల్ ఏ హోరలో పడుతుందో కూడా చెప్పేవారట. తరువాత వచ్చిన స్పెయిన్ దేశస్థుడు మానోలో మార్క్వెజ్ మొదటి ఏడాది గోవా క్లబ్బునూ, జాతీయ జట్టునూ కలిపి నడిపారు. ఎనిమిది ఆటల్లో మాల్దీవుల మీద ఒకే ఒక్క గెలుపు. 2025 జూన్‌లో హాంకాంగ్ చేతిలో చివరి క్షణాల పెనాల్టీతో ఓడాక ఆయనకూ సెలవిచ్చారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టాడని మందుల దుకాణం ఆయన అన్నారు. ఒక పడవ బాగానే నడిచింది మావయ్యా, మునిగింది మనదే అన్నాడు కుర్రాడు.

ఇక అసలు కేసు. కొత్త కోచ్ కావాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ప్రకటన ఇస్తే 170 దరఖాస్తులు వచ్చాయి. అందులో బార్సిలోనా మహానుభావుడు జావి పేరుతో ఒకటి, పెప్ గార్డియోలా పేరుతో ఒకటి. దేశం ఒక పూట పులకించింది. తరువాత ఆ మెయిళ్లు అసలువి కావని సమాఖ్యే చెప్పాల్సి వచ్చింది. ఆ ఒక్క పూటలో మా బెంచీ మీద జరిగిన చర్చ చరిత్రలో నిలిచిపోతుంది. ఆలు లేదు చూలు లేదు అన్నట్టుగా, జావి వస్తే ఏ పద్ధతిలో ఆడించాలో, మన ఎండకు ఆయన తట్టుకోగలడా లేదా అన్నది నిర్ణయించేశారు. తట్టుకోలేడని తేలింది. కనుక ఆయన దరఖాస్తు నకిలీదని తెలిసినప్పుడు ధర్మాసనం ఏమీ బాధపడలేదు, మేము ముందే తిరస్కరించామంది.

2025 ఆగస్టు 1న ఖాలిద్ జమీల్ పేరు ప్రకటించారు. పదమూడేళ్ల తరువాత జాతీయ జట్టు పగ్గాలు ఒక భారతీయుడి చేతికి వచ్చాయి. 2017లో మిజోరం నుంచి వచ్చిన ఐజాల్ అనే చిన్న క్లబ్బును ఐ-లీగ్ అనే జాతీయ లీగ్‌లో విజేతగా నిలబెట్టిన మనిషి. ఎక్కువ మాట్లాడరు. ఈ చివరి లక్షణం ధర్మాసనాన్ని చాలా ఇబ్బంది పెట్టింది. కోచ్ మాట్లాడకపోతే ఆయన మాటలకు అర్థాలు తీసేదెలా?

ఆయన అదృష్టం, మొదట తజికిస్థాన్‌లో మధ్య ఆసియా దేశాల టోర్నీ ఆడారు. ఆతిథ్య జట్టును 2-1తో ఓడించారు. ఇరాన్ చేతిలో 0-3, అఫ్గానిస్థాన్‌తో 0-0. సెప్టెంబర్ 8న మూడో స్థానం కోసం ఒమన్‌తో 1-1, ఆపై పెనాల్టీల్లో 3-2. ఒమన్ మీద మనకు అంతకుముందు గెలుపే లేదు. పైగా మోహన్ బగాన్ క్లబ్బు తన ఆటగాళ్లను పంపలేదు, ఉన్నవాళ్లతోనే సాధించారు. ఆ సాయంత్రం మాస్టారు వ్యూహం వివరించడానికి బెంచీ మీద టీ గ్లాసులతో ఒమన్‌ను, బిస్కట్లతో భారత్‌ను పరిచారు. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆరున్నర అడుగుల మనిషి కనుక ఆయన స్థానంలో బిస్కట్ల సీసానే నిలబెట్టారు. వెనుక వరుస ఎలా సర్దుకోవాలో, ఒమన్ గ్లాసు కుడివైపు నుంచి వస్తే ఎవరు కాచుకోవాలో చూపిస్తూ తల ఎత్తేసరికి మన ఎడమ బ్యాక్ లేడు. కుర్రాడు టీలో ముంచుకుని తినేశాడు. మాస్టారు ఏమాత్రం తొణకలేదు. సీసాలోంచి ఇంకొకడిని తీసి నిలబెట్టి, "ఇదే బాబూ జమీల్ గొప్పతనం, ఎవడు పోయినా ఇంకొకడిని సిద్ధంగా ఉంచుతాడు" అన్నారు. మధ్యంతర తీర్పు వెలువడింది: స్వదేశీ కోచ్ మేధావి, మౌనం ఆయన వ్యూహం, వెనక్కి తగ్గి కాచుకోవడం ఓర్పు.

అక్టోబర్‌లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముగిసిన రెండో రోజున సింగపూర్‌లో ఆసియా కప్ అర్హత మ్యాచ్. సభ్యులందరికీ గొంతులు పోయి ఉండటంతో విచారణ చాలా మర్యాదగా సాగింది. మన ఝింగన్ రెండో సగం మొదట్లోనే ఎర్రకార్డుతో బయటికి వెళ్లాడు. పదిమందితో ఆడి, చివరి నిమిషాల్లో రహీం అలీ గోల్‌తో 1-1. చూశారా, పేరులోనే ఉంది అన్నారు మందుల దుకాణం ఆయన. ఆరోజు నుంచి 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణాలూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానమూ మళ్లీ బెంచీ మీదకు వచ్చాయి. అవన్నీ హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం నడిపించిన రోజులు. కోచ్ అనేవాడు బడిపంతులై ఉండాలని మందుల దుకాణం ఆయన సూత్రీకరించారు. లెక్కల మాస్టారు వినయంగా కళ్లజోడు సర్దుకున్నారు.

ఐదు రోజులకు గోవాలోని మడ్‌గావ్‌లో అదే సింగపూర్. సొంత గడ్డ, మైదానంలో పదకొండుమంది. ఛాంగ్తే ముందే గోల్ కొట్టాడు. చివరికి 1-2 ఓటమి, ఆసియా కప్ ఆశ గల్లంతు. మాస్టారు పెన్సిల్ తీశారు. పరాయి గడ్డ మీద పదిమందితో డ్రా, ఇంట్లో పదకొండుమందితో ఓటమి. కనుక సమస్య పదకొండో ఆటగాడిదే. లెక్కలో తప్పు పట్టడం నా వల్ల కాలేదు. నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్ 1-0తో గెలిచింది. మన మీద వాళ్లకు 22 ఏళ్ల తరువాత దక్కిన గెలుపది. జమీల్ వచ్చేనాటికి 133గా ఉన్న ర్యాంకు 142కు జారింది. తుది తీర్పు: మౌనం అంటే చెప్పడానికేమీ లేకపోవడం, వెనక్కి తగ్గి కాచుకోవడం పిరికితనం. మనిషి అదే, ఆట అదే, బిస్కట్లు కూడా అదే సీసాలోవి.

ఈ దశలో కుర్రాడు ఒక పిచ్చి పని చేశాడు. మామూలుగా సెప్టెంబరుకో అక్టోబరుకో మొదలయ్యే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) 2025లో మొదలే కాలేదు కదా, లీగ్ నడిపే ఒప్పందం డిసెంబర్ 8తో ముగిసిపోతుందని తెలిసి కూడా ఎవరూ ముందుగా మేల్కోలేదు కదా, క్లబ్బుల్లో ఆటలే లేని ఆటగాళ్లను తెచ్చి కోచ్ ఏం చేస్తాడు మాస్టారూ అని అడిగాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు చివరి పతకం 1970లో వచ్చిన కాంస్యం, అప్పటికి జమీల్ పుట్టనే లేదు కదా అని కూడా అన్నాడు. బెంచీ మీద కాసేపు ఎవరూ టీ తాగలేదు. కోచ్‌ను మార్చడం తేలిక, ఒక ఉత్తరం చాలు. లీగ్‌ను ఎవరికి ఉత్తరం రాసి మార్చాలి?

రెండు తీర్మానాలు ఓటింగుకు వచ్చాయి. కోచ్ స్వదేశీ అయితే తరువాతివాడు విదేశీ, విదేశీ అయితే స్వదేశీ కావాలన్న మొదటి తీర్మానం ఏకగ్రీవం. సమాఖ్యనే ముద్దాయిగా చేర్చాలన్న కుర్రాడి పిటిషన్‌ను మాస్టారు సాంతం చదివి, ప్రాథమిక ఆధారాలు లేవని కొట్టేశారు. సమాఖ్య ఇంతవరకు ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదనీ, రికార్డుల్లో ఉన్న ఓటములన్నీ కోచ్‌ల ఖాతాలోవేననీ ఉత్తర్వులో నా చేతే రాయించారు.