నెట్‌వర్క్‌ను చూసే మనిషి ఎక్కడ?

మన ఇంజనీరింగ్ కళాశాలల్లోనూ, పెద్ద ఆసుపత్రుల్లోనూ, జిల్లా కార్యాలయాల్లోనూ నెట్‌వర్క్ పరికరాలను కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్‌కు కొరత లేదు. ఆ సాఫ్ట్‌వేర్ చెప్పేది రోజూ చదివే మనిషికే కొరత. టెండరులో ఎన్ఎంఎస్ (నెట్‌వర్క్‌ను కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్) పేరుతో ఒక వరుస ఉంటుంది. లైసెన్సులు వస్తాయి, గోడకు పెద్ద తెర బిగిస్తారు, ప్రారంభం రోజున వచ్చిన అధికారులకు ఆకుపచ్చ చుక్కలన్నీ చూపిస్తారు. ఏడాది తిరిగేసరికి ఆ చుక్కల్లో చాలా భాగం ఎర్రబడి ఉంటుంది, అవి ఎందుకు ఎర్రగా ఉన్నాయని అడిగితే చెప్పగలిగినవారు ఆ భవనంలో ఎవరూ ఉండరు. వాటిలో కొన్ని ఎప్పుడో తీసేసిన స్విచ్‌లు (కంప్యూటర్లను తీగలతో కలిపే పెట్టెలు), కొన్ని చిరునామా మారిన వైఫై యాక్సెస్ పాయింట్లు, ఒకటో రెండో నిజంగానే ఆగిపోయినవి. ఈ మూడింటినీ వేరు చేయలేని తెర వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. అయినా దాని నిర్వహణ ఒప్పందానికి ఏటా డబ్బు కడుతూనే ఉంటాం, ఆ తెర ముందు రోజుకు ఒక గంట కూర్చోవడాన్ని మాత్రం ఎవరి ఉద్యోగ బాధ్యతల్లోనూ రాయం.

ఖర్చు ఎక్కువన్న వాదన నాకు సమ్మతం కాదు. ఈ రంగంలో మంచి పనిముట్లు చాలావరకు ఉచితంగా, అవసరంలోంచి పుట్టుకొచ్చినవే. అవతలి యంత్రం పలుకుతోందో లేదో చెప్పే పింగ్‌ను మైక్ మూస్ 1983లో రాశాడు. పరికరాలను వాటి స్థితిగతులు అడిగి తెలుసుకునే ఎస్ఎన్ఎంపీ 1988 నుంచి ఉంది. 1994లో ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో, వెయ్యికి పైగా కంప్యూటర్లున్న డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయానికి ఇంటర్నెట్ దారి సెకనుకు 64 కిలోబిట్లదే. ఆ ఇరుకు దారిలో ఎంత రద్దీ ఉందో అందరికీ కనిపించేలా చేయాలనే టోబియాస్ ఓటికర్ రద్దీని రేఖగా గీసే ఎంఆర్‌టీజీని తయారు చేశాడు. ఆ తర్వాత నాగియోస్, జాబిక్స్, లిబ్రెఎన్ఎంఎస్ అనే ఉచిత పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఒక మామూలు కళాశాలకు కావలసినంత పర్యవేక్షణను పక్కన పడేసిన పాత సర్వరు మీదనే నడపవచ్చు. కావలసింది దాన్ని పెట్టి, పెంచి, రోజూ చూసే ఉద్యోగి సమయం.

ఆ మనిషి ఏమి చూడాలన్నది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆకుపచ్చ చుక్క చెప్పేది చాలా తక్కువ. స్విచ్ పలుకుతోందంటే దానికి కరెంటు ఉందనీ, దారి ఉందనీ మాత్రమే అర్థం. నేను తరచూ చూసే ఉదాహరణ ఒకటి చెబుతాను. ఎవరో ఎప్పుడో స్విచ్‌లోని ఒక పోర్టును (తీగ పెట్టే చోటును) 100 మెగాబిట్ల వద్ద, ఫుల్ డూప్లెక్స్‌లో (ఒకేసారి పంపుతూ అందుకునే పద్ధతిలో) స్థిరంగా బిగించి ఉంటారు. అవతలి చివర పాత బయోమెట్రిక్ యంత్రమో, ప్రయోగశాలలోని పరికరమో దానంతటదే వేగాన్ని ఎంచుకునే స్థితిలో ఉంటుంది. ఇవతలి నుంచి సంకేతం అందక అది హాఫ్ డూప్లెక్స్‌కు, అంటే ఒకసారికి ఒకవైపే మాట్లాడే పద్ధతికి, పడిపోతుంది. లింకు దీపం వెలుగుతూనే ఉంటుంది, పింగ్ చక్కగా వెళుతుంది, రద్దీ లేనంతసేపు అంతా బాగానే ఉంటుంది. పెద్ద ఫైలు పంపగానే వేగం కుప్పకూలుతుంది. ఒక వైపు సీఆర్‌సీ తప్పుల (చెడిపోయి వచ్చిన డేటా), మరో వైపు ఆలస్యపు కొలిజన్ల (ఆలస్యంగా ఢీకొన్న సంకేతాలు) లెక్క పెరుగుతూ పోతుంటాయి. ఆ అంకెలు స్విచ్ లోపల ఉన్నాయి, అడిగితే చెబుతుంది. అడిగేవారు లేక, వాడేవారు నెలల తరబడి ఇంటర్నెట్ కంపెనీని నిందిస్తూ, చివరికి సెకనుకు మరికొన్ని మెగాబిట్లు కొంటారు.

కొలతలో కూడా మోసపోయే చోట్లు ఉన్నాయి. అయిదు నిమిషాల సగటు రేఖ 40 శాతం దగ్గర నెమ్మదిగా సాగుతుంటే, అందులో కొన్ని సెకన్ల పాటు దారి నూటికి నూరు శాతం నిండి ప్యాకెట్లు (డేటా ముక్కలు) రాలిపోయిన సంగతి కనిపించదు. ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్న విద్యార్థికి ఆ కొన్ని సెకన్లే లెక్క. అందువల్ల రద్దీ రేఖతో పాటు పోర్టులో రాలిపోయిన ప్యాకెట్ల లెక్కను కూడా గీయించాలి. ఇక దాటిన బైట్లను లెక్కించే 32 బిట్ల పాత కౌంటరుతో గిగాబిట్ దారిని కొలిస్తే, పూర్తి వేగంలో ఆ కౌంటరు సుమారు 34 సెకన్లకే నిండి మళ్లీ సున్నాకు వస్తుంది. అయిదు నిమిషాలకు ఒకసారి చదివేవాడికి అది ఎన్నిసార్లు తిరిగిందో తెలిసే మార్గం లేదు. 64 బిట్ల కౌంటర్లు చాలా ఏళ్లుగా అందుబాటులో ఉన్నా, పాత టెంప్లేటును అలాగే వదిలేసిన చోట అబద్ధపు రేఖలు ఈనాటికీ నివేదికల్లోకి ఎక్కుతున్నాయి.

భద్రత విషయంలో ఈ నిర్లక్ష్యం నాకు కోపం తెప్పిస్తుంది. ఎస్ఎన్ఎంపీ మొదటి, రెండో రూపాల్లో పాస్‌వర్డు లాంటి కమ్యూనిటీ స్ట్రింగే తాళంచెవి, అది తీగ మీద ఎవరైనా చదవగలిగేలా వెళుతుంది. కర్మాగారం నుంచి వచ్చేటప్పుడు చాలా పరికరాల్లో చదవడానికి ‘పబ్లిక్’, రాయడానికి ‘ప్రైవేట్’ అని ఉండేది. రాయగలిగే తాళంచెవి చేతికి వస్తే పరికరాన్ని బట్టి పోర్టు మూసేయవచ్చు, కాన్ఫిగరేషనే మార్చేయవచ్చు. గుర్తింపు, గూఢలేఖనం ఉన్న మూడో రూపం 2002లోనే పూర్తి స్థాయి ప్రమాణమైంది. అంతకాలం గడిచాక కూడా హాస్టల్ వైఫై నుంచి అడిగితే నెట్‌వర్క్ మధ్యనున్న కోర్ స్విచ్ ‘పబ్లిక్’ అన్న పేరుకు జవాబు చెప్పడాన్ని ఏ కారణంతోనూ సమర్థించలేం. మార్చని తాళాలు ఎంత దూరం తీసుకువెళతాయో 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం చూపించింది: కర్మాగారం పెట్టిన అరవైకి పైగా పేర్లూ పాస్‌వర్డులూ ప్రయత్నిస్తూ అది కెమెరాలనూ రౌటర్లనూ లక్షల్లో లోబరచుకుంది, ఆ ఏడాది అక్టోబరు 21న డిన్ సంస్థ డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లను చిరునామాలుగా మార్చే) సేవలపై అలాంటి పరికరాలతోనే దాడి జరిగింది. సీసీ కెమెరాలు బిగించడంలో మనం చాలా ముందున్నాం. వాటిలో ఏ ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఉందో రాసి పెట్టుకున్న సంస్థను చూపమంటే నేను తడుముకోవాలి.

చట్టం కూడా ఊరుకోలేదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను (యంత్రాలు రాసుకునే నమోదులను) 180 రోజులు భద్రపరచాలి, గడియారాలను సమయం చెప్పే నిర్ణీత ఎన్‌టీపీ సర్వర్లతో సరిచూసుకోవాలి, నిర్దేశించిన సైబర్ ఘటనలను గమనించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. గమనించిన ఆరు గంటల్లో అన్నారు గనుక, గమనించే మనిషే లేకపోతే గడువే మొదలు కాదని ఊరట చెందేవారిని చూశాను. అది చాలా ప్రమాదకరమైన ఊరట.

మన ఎండల సంగతి వేరుగా చెప్పాలి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం మెట్ల కింది గదిలో, తలుపు మూసిన ర్యాకులో ఉన్న స్విచ్ ఎంత వేడెక్కుతుందో ఊహించండి. చాలా స్విచ్‌లలో ఉష్ణోగ్రత సెన్సరు ఉంటుంది, ఫ్యాను ఆగితే అది చెప్పగలదు. యూపీఎస్ ఇంకా ఎన్ని నిమిషాలు నిలబడుతుందో నెట్‌వర్క్ ద్వారా అడిగే ప్రామాణిక పద్ధతి 1994 నుంచే ఉంది, దానికి కావలసిన కార్డు కొనడం మాత్రం మానేస్తాం. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. ఆపైన ప్రతి 10 డిగ్రీలకూ అది సుమారు సగానికి పడిపోతుందన్నది అందరూ వాడే లెక్క. కరెంటు పోయినప్పుడే బ్యాటరీ చచ్చిపోయిన సంగతి తెలియడం, అదీ ఆసుపత్రిలో తెలియడం, క్షమించదగినది కాదు.

అలర్టుల మాటకొస్తే, ఎక్కువ పంపడం అసలు పంపకపోవడంతో సమానం. బ్లాకులోని డిస్ట్రిబ్యూషన్ స్విచ్ ఆగితే దాని వెనకున్న ప్రతి పరికరం నుంచీ ఒక్కో సందేశం వస్తే, రెండు వారాల్లో ఆ మనిషి వాటిని చదవడం మానేస్తాడు, అందులో అతని తప్పు లేదు. ఏది దేని వెనక ఉందో సాఫ్ట్‌వేర్‌కు చెప్పడం ఓపికతో చేయవలసిన పని. పరికరం తనంతట తాను పంపే ట్రాప్‌ల మీదే ఆధారపడటమూ సరికాదు. అవి సాధారణంగా యూడీపీ అనే పద్ధతి మీద వెళతాయి, చేరాయన్న రసీదు ఉండదు, పైగా తెగిన దారిలోనే ఆ కబురు కూడా పోతుంది. అడిగి తెలుసుకోవడం, చెబితే వినడం రెండూ ఉండాలి.

చూసే దారి, చూడవలసిన దారి ఒకటే కావడం అన్నిటికన్నా పెద్ద లోపం. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ కూలినప్పుడు కోటీ ఇరవై లక్షల మందికి పైగా చందాదారులకు సేవలు ఆగాయి, అత్యవసర ఫోన్లకూ డెబిట్ చెల్లింపులకూ ఆటంకం కలిగింది. రౌటింగ్ ఫిల్టరు ఒకటి తీసేయడంతో కోర్ రౌటర్ల మీద మోయలేనన్ని మార్గాల సమాచారం పడింది. మరమ్మతు చేయవలసినవారు పరికరాలను నిర్వహించే నెట్‌వర్క్ కూడా అదే కోర్ మీద ఆధారపడి ఉండటంతో వారే లోపలికి వెళ్లలేకపోయారు. అంతకుముందు 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌కూ దాదాపు అదే గతి పట్టింది, ఇంజనీర్లు డేటా సెంటర్లకు స్వయంగా వెళ్లవలసి వచ్చింది. అంతటివారికే అలా అయినప్పుడు, వీఎల్ఏఎన్ 1 అనే ఒకే నెట్‌వర్క్ విభాగంలో విద్యార్థులనూ స్విచ్‌ల నిర్వహణ చిరునామాలనూ కలిపి ఉంచిన మన ప్రాంగణాల పరిస్థితి చెప్పనక్కర్లేదు. కోర్ దగ్గర కన్సోల్ సర్వరు (నెట్‌వర్క్ కూలినా పరికరాల్లోకి వెళ్లనిచ్చే పెట్టె), దానికి ఒక 4జీ సిమ్ ఉంటే చిన్న సంస్థకు సరిపోతుంది.

అందుకే ప్రిన్సిపాళ్లనూ, సూపరింటెండెంట్లనూ, టెండర్లు రాసేవారినీ కోరుతున్నాను. ఈసారి ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) పునరుద్ధరించేటప్పుడు ఎన్ని పరికరాలకు లైసెన్సు ఉందో రాసే చోటే, వాటిని చూసే ఉద్యోగి పదవినీ, అతనికి కేటాయించిన రోజువారీ గంటలనూ, సెలవులో ఉంటే ఎవరు చూస్తారో కూడా రాయండి. పరికరాల జాబితాను మూడు నెలలకోసారి ర్యాకు దగ్గర నిలబడి సరిచూసి సంతకం చేయాలని షరతు పెట్టండి. కాన్ఫిగరేషన్ కాపీలు వెండరు ల్యాప్‌టాప్‌లో కాక మీ దగ్గరే ఉండాలని పట్టుబట్టండి. బిల్లు చెల్లించే ముందు ఒక యాక్సెస్ స్విచ్ తీగను మీరే పీకి, సంబంధిత వ్యక్తికి కబురు ఎంతసేపట్లో అందిందో గడియారం చూసి నమోదు చేయండి.