నడక వచ్చాక బిడ్డ మన దగ్గరికి ఏం తెస్తోంది?

బిడ్డ అడుగులేస్తే అరిసెలు పంచడం మన ఇళ్లలో ఉన్నదే. కాళ్లకు బలం వచ్చిందని ఆ సంబరం. అయితే ఆ రోజుల్లోనే, బిడ్డ మనతో మెలిగే తీరు కూడా మారిపోతుంది. దాన్ని మనం సరిగ్గా గమనించడం లేదని నా బాధ.

పాకే పిల్లకు ఎక్కువగా కనిపించేది నేల. నిలబడి నడిస్తే గదంతా కనిపిస్తుంది, పెద్దవాళ్ల ముఖాలు కనిపిస్తాయి. న్యూయార్క్ యూనివర్సిటీలో కేరెన్ అడాల్ఫ్ బృందం ఏళ్లుగా ఇదే పరిశీలిస్తోంది. 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటూ గంటకు సగటున 2,368 అడుగులు వేశారని, 17 సార్లు పడ్డారని 2012లో ఆ బృందం చెప్పింది. అన్ని దెబ్బలకూ ఓర్చుకుంటున్నారంటే ఆ ఎత్తులో వాళ్లకు దొరికేది చిన్నది కాదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది లానా కారాసిక్, అడాల్ఫ్ తదితరుల పరిశీలన. పాకే పిల్లలు చాలావరకు ఉన్నచోటే కూర్చుని చేతిలోది ఎత్తి చూపిస్తారు. నడిచేవాళ్లు దాన్ని పట్టుకుని అమ్మ దగ్గరికే వస్తారు. అప్పుడు అమ్మ మాటా మారుతుంది. ఊరికే మెచ్చుకోవడం, పేరు చెప్పడంతో ఆగదు. 'మూత తియ్యి', 'ఇందులో వెయ్యి' లాంటి పనులు చెబుతుంది. అంటే ఏడాది బిడ్డ గిన్నె మూత తెచ్చి ఒళ్లో పడేస్తే, అది అల్లరి కాదు, పలకరింపు. ఆ క్షణంలో మనం ఫోన్‌లో తల దూర్చి ఉంటే ఆ పలకరింపుకు జవాబు లేకుండా పోతుంది.

దీనర్థం తొందరగా నడిపించమని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పిల్లలు 8 నెలలు దాటాక మొదలుకొని 17 నెలలు దాటేదాకా ఎప్పుడైనా సొంతంగా నడవొచ్చు. పక్కింటి పాప పదో నెలకే నడిచిందని టెన్షన్ పడక్కర్లేదు. 18 నెలలకూ అడుగు పడకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి.

చక్రాల వాకర్ కొనడం నాకు అస్సలు నచ్చదు. ప్రమాదాల వల్ల కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. పైగా అందులో కూర్చోబెట్టిన బిడ్డ వంగి నేల మీది గరిటె అందుకోలేదు. అందుకోలేనిది అమ్మకు తెచ్చి ఎలా ఇస్తుంది?