గోదావరి పిల్లాడి ‘ఆయ్’ అంటే అవునని కాదు

కోనసీమలో పెద్దవాళ్లు ఏదడిగినా పిల్లాడి నోట ముందొచ్చే మాట ‘ఆయ్’. వింటున్నానండి, మీ మాటకి ఎదురు చెప్పనండి అని దాని అర్థం. ఆ పిల్లాణ్ణి పదిమంది మధ్య నిలబెట్టి ‘ఆ మావయ్యే కదూ నిన్ను కొట్టింది?’ అంటే ఏం చెబుతాడు? ‘ఆయ్’ అంటాడు. రాసుకునేవాళ్లు ‘అవును’ అని రాసుకుంటారు. నేరం నిజంగా జరిగినా సరే, కేసు అక్కడే చెడిపోయింది.

పిల్లల మీద లైంగిక నేరాల కోసం తెచ్చిన 2012 పోక్సో చట్టం సంగతి తెలిసిందే. వాంగ్మూలం తీసుకునే పోలీసులు యూనిఫాం వేసుకోకూడదు, బిడ్డ ఇంట్లోనో బిడ్డకి నచ్చిన చోటో అడగాలి, కోర్టులో లాయర్ల ప్రశ్నలు జడ్జి నోటి మీదుగానే రావాలి. మంచి నిబంధనలే. ప్రశ్న ఎలా కట్టాలన్నది మాత్రం ఆ చట్టంలో చాలావరకు అడిగేవాళ్ల నేర్పుకే వదిలేశారు.

కాలిఫోర్నియాలో చిన్నపిల్లల మీద లైంగిక అఘాయిత్యాలు జరిగాయన్న మెక్‌మార్టిన్ బడి కేసు 1983లో మొదలై, 1990లో ఒక్కరికీ శిక్ష పడకుండా ముగిసింది. అక్కడ వందల మంది పిల్లల్ని అడిగిన తీరే కేసును ముంచింది. ‘మిగతావాళ్లు చెప్పేశారు, నువ్వూ తెలివైనదానివేగా’ అని బుజ్జగించారు. పిల్లలు అడిగినవాళ్లకి కావలసిందే ఇచ్చారు.

పిల్లల జ్ఞాపకం నీటి మీద రాతని, వాళ్ల సాక్ష్యం చిలకపలుకులని వాదించేవాళ్లున్నారు. ఒప్పుకోను. సాక్షికి కనీస వయసంటూ మన సాక్ష్య చట్టమే పెట్టలేదు. ‘ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పమ్మా’ అంటే నాలుగైదేళ్ల బిడ్డ తక్కువే చెబుతుంది, కానీ చెప్పినదాంట్లో తప్పులు తక్కువ. అదే ప్రశ్న రెండోసారి అవును-కాదులో అడిగామా, మాట మారుస్తుంది.

ఎందుకు మారుస్తుందో మన బడికెళ్లి చూడండి. టీచరు ‘మళ్లీ చెప్పు’ అంటే మొదటి జవాబు తప్పని ఒకటో తరగతి పిల్లకి కూడా తెలుసు. జవాబు ముందే పెద్దవాళ్ల దగ్గరుంటుందని, దాన్ని పట్టుకోవడమే తన పనని రోజూ నేర్పుతున్నాం. నా గొడవంతా దీని మీదే. తెలీదన్నందుకు చెంప వాయించే బడి నుంచి వచ్చిన బిడ్డ, అధికారి ముందు తెలీదని ఎలా అంటుంది?

అందుకే అసలు సంగతికి ముందు పది నిమిషాలు వేరే ముచ్చట నడవాలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఏం చూశావో చెప్పమనాలి. తెలీనిది తెలీదనొచ్చని, అడిగేవాళ్లు ఏదైనా తప్పు చెబితే దిద్దొచ్చని బిడ్డకి చెప్పాలి. తర్వాత, కథ వినేటప్పుడు ఊ కొడతామే, అలా ఊ కొడుతూ కూర్చోవాలి. ‘ఊ… తర్వాత?’