వీధి కాలువ ఖర్చులో ఖాళీ ప్లాటు వాటా ఎంత?

నెల్లూరులో అసెస్‌మెంట్ అంటే ఇంటి పన్ను డిమాండ్ నోటీసు మీద ఉండే నంబరు. కుళాయి కనెక్షన్ కావాలన్నా, ఇల్లు అమ్మాలన్నా ముందు ఆ నంబరే అడుగుతారు. అమెరికా నగరాల్లో ఇదే మాటకు మరో అర్థం కూడా ఉంది. ఒక వీధికి మురుగు కాలువో, కాలిబాటో, దీపాలో ఏర్పాటు చేసినప్పుడు, ఆ పని వల్ల విలువ పెరిగిన స్థలాల నుంచి మాత్రమే, ఆ పనికైన ఖర్చు మేరకే రాబట్టే ప్రత్యేక వసూలును అక్కడ అసెస్‌మెంట్ అంటారు. న్యూయార్క్‌లో వీధులు, కాలువల కోసం ఇలా వసూలు చేసేందుకు 1691లోనే చట్టం చేశారు. మన శివారు లేఅవుట్లకు ఈ పద్ధతి, గట్టి షరతులతో, అవసరమన్నది నా అభిప్రాయం.

నగర శివారులో మేముంటున్న వీధిలో 32 ప్లాట్లున్నాయి, ఇళ్లు లేచినవి 11. ఈశాన్య రుతుపవనాల వానలకు వీధి బురదమడిగా మారినప్పుడు, ఆ పదకొండు ఇళ్లవాళ్లమే తలా ఇంత వేసుకొని గ్రావెల్ తోలించుకున్నాం. డబ్బు లెక్క రాసిన నోటు పుస్తకం ఇప్పటికీ మా ఎదురింటి టీచరమ్మ దగ్గర ఉంది. అందులో పదకొండు పేర్లే ఉన్నాయి. మిగతా ఇరవై ఒక్క ప్లాట్లలో సర్కారు తుమ్మ పెరుగుతోంది, వాటి యజమానుల్లో ఎక్కువమంది చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటారు. దారి బాగుపడిన కొద్దీ అంకణం (ఇక్కడ స్థలాన్ని కొలిచే లెక్క) ధర వాళ్లకూ పెరిగింది, ఖర్చు మాత్రం మాది. చందాకు ఎవరినీ బలవంతపెట్టలేం కాబట్టి, ఊళ్లో లేనివాడు లాభం పొందుతాడు, ఉన్నవాడు భారం మోస్తాడు. చట్టబద్ధమైన వసూలు సరిచేయాల్సింది ఈ అన్యాయాన్నే.

ఇంటి పన్ను ఆ పని చేయలేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రంలో అద్దె విలువకు బదులు మూలధన విలువ, అంటే స్థలం, కట్టడం కలిపిన విలువ ఆధారంగా, నివాస భవనాలపై 0.10 నుంచి 0.50 శాతం దాకా పన్ను వేస్తున్నారు. పన్ను మొత్తం కార్పొరేషన్ సాధారణ నిధిలో కలిసిపోయి, ఏ రూపాయి ఏ వీధికి వెళ్లిందో చెప్పలేని స్థితి వస్తుంది. ఖాళీ స్థలం పన్ను ఉన్నా, నోటీసు అందుకోవాల్సిన యజమాని ఊళ్లో ఉండడు. అనుమతి లేని లేఅవుట్లలో ఇల్లు కట్టుకునేవారు వసతుల పేరుతో తీసుకునే బెటర్‌మెంట్ చార్జీలు కూడా కట్టారు, కానీ ఆ డబ్బుకు వీధివారీగా ఖాతా ఉండదు. చెత్త పన్ను మీద జనం అంతగా మండిపడటానికి, చివరికి ప్రభుత్వం దాన్ని రద్దు చేయడానికి కారణాలు అనేకం కావచ్చు. కట్టిన డబ్బుకూ కంటి ముందు జరిగే పనికీ ముడి కనిపించకపోవడం వాటిలో ముఖ్యమైనదని నేను నమ్ముతాను.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో వచ్చిన 1920 నాటి పట్టణ ప్రణాళిక చట్టంలోనే, ప్రణాళిక వల్ల విలువ పెరిగిన భూముల నుంచి వాటా తీసుకునే నిబంధన ఉంది. గుజరాత్ 1976 చట్టం కింద పట్టణ ప్రణాళిక పథకాలలో పెరిగిన విలువలో సగం దాకా యజమాని నుంచి తీసుకుంటారు.

చిక్కంతా పంపకంలోనే ఉంది. వీధివైపు ముఖం ఎన్ని అడుగులుంటే అంత అని లెక్కిస్తే మూల ప్లాటు రెండు వైపులా కట్టాలి, విస్తీర్ణాన్ని బట్టి లెక్కిస్తే వీధికి ఇరుకుగా, లోపలికి పొడవుగా ఉన్న స్థలం ఎక్కువ మోయాలి. మురుగు కాలువకు ముఖం కొలత, దీపాలకు ప్లాటుకింత అనే లెక్క నాకు సబబుగా తోస్తుంది. కాలిఫోర్నియాలో 1996లో ఓటర్లు ఆమోదించిన 218వ ప్రతిపాదన ప్రకారం, నగరం ముందుగా ఊరందరికీ చేకూరే మేలును లెక్క నుంచి తీసేసి, ఆ స్థలానికి ప్రత్యేకంగా చేకూరే మేలుకు మాత్రమే వసూలు నిర్ణయించి, ప్రతి యజమానికీ తపాలాలో బ్యాలెట్ పంపాలి. వ్యతిరేకత ఎక్కువైతే వసూలు ఉండదు. అయితే అక్కడ ఓటు బరువు కట్టాల్సిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. నోటీసు, లెక్క, అభ్యంతరం చెప్పే హక్కు మనం తీసుకోవాలి. పెద్ద ప్లాటుకు పెద్ద గొంతు అనే భాగం మనకు వద్దు.

దీన్ని అన్నిచోట్లా రుద్దకూడదు. పెన్నా ఒడ్డున ఉన్న భగత్‌సింగ్ కాలనీకి వరద రక్షణ, వాన పడితే నీళ్లు నిలిచే రామలింగాపురం, మాగుంట లేఅవుట్ అండర్‌పాస్‌లు, ఒంగోలు నడిమధ్య పారే పోతురాజు కాలువ ఊరంతటి బాధ్యత, వాటికి పన్నుల నుంచి, ప్రభుత్వ గ్రాంట్ల నుంచే డబ్బు రావాలి. ముంపులో ఉన్న పేదవాడిని నీ కాలువ ఖర్చు నువ్వే పెట్టుకో అనడం క్రూరం. అమెరికాలో 1920లలో ఇళ్లు ఇంకా కట్టని లేఅవుట్లకు ముందే రోడ్లు వేశారు, 1930ల మాంద్యంలో యజమానులు వసూలు కట్టలేక చేతులెత్తేస్తే, అప్పు తెచ్చిన చాలా నగరాలు దివాలా స్థితికి చేరాయి. అందుకే కనీసం మూడో వంతు ఇళ్లు లేచిన వీధుల్లోనే ఇది మొదలవ్వాలి. మా వీధి అంచున ఉంది, పదకొండు ఇళ్లంటే మూడో వంతు కంటే ఒక్క వాసి మాత్రమే ఎక్కువ.

వసూలును అర్ధ సంవత్సరపు పన్ను డిమాండుతో కలిపి, విడి గళ్లలో చూపిస్తూ పదేళ్ల వాయిదాలుగా తీసుకుంటే పెన్షన్ మీద బతికే ఇంటికి ఊపిరాడుతుంది. వీధి పేరుతో ఉన్న ఖాతా నిల్వను వార్డు సచివాలయం నోటీసు బోర్డులో ప్రతి ఏప్రిల్‌లో అంటించాలి. బెంగళూరులో ఉన్న యజమాని వాయిదాలు కట్టకపోతే ఆ బాకీ అసెస్‌మెంట్ నంబరు కింద పెరుగుతూ, ప్లాటు అమ్మే రోజున రిజిస్ట్రేషన్‌కు ముందు తీరాలి. అలా వచ్చిన మొత్తంలోంచి, నోటు పుస్తకంలోని పదకొండు ఇళ్లు అంతదాకా భరించిన అదనపు భాగం ఆ ఇళ్ల డిమాండులో తగ్గాలి.