మూడు నెలల సర్టిఫికెట్‌తో డైటీషియన్ అయిపోరు

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "డైటీషియన్ అవడానికి ఏళ్ల తరబడి చదవక్కర్లేదు, మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ చాలు, అంతా క్యాలరీల లెక్కే, ఇండియాలో దీనికి చట్టం కూడా లేదు" అని. మా బంధువుల్లో బైపీసీ అయిన అమ్మాయి ఇది చూసి డిగ్రీ సీటు వదిలేస్తానంటోంది. ఆసుపత్రిలో పనిచేసే డైటీషియన్‌గా నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

క్యాలరీల లెక్కేనా? డయాలసిస్‌కి వచ్చే ఒకాయన ఎండలకి నీరసంగా ఉందని, ఎవరో ఫోన్లో పంపిన డైట్ చార్ట్ నమ్మి రోజూ రెండు కొబ్బరి బొండాలు, పైన గ్లాసెడు పాలకూర జ్యూస్ తాగాడు. ఆ రెండింట్లోనూ పొటాషియం ఎక్కువే. మా దగ్గరికి వచ్చేసరికి రక్తంలో పొటాషియం 6.8కి పెరిగిపోయింది, ఈసీజీ తేడాగా ఉంది, వార్డంతా పరుగులు. ఆ చార్ట్‌లో క్యాలరీలు సరిగ్గానే ఉన్నాయి! కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల ఒంట్లోంచి పొటాషియం సరిగా బయటికి పోదు, పేరుకుపోతే గుండె లయ తప్పుతుంది, అందుకే కూరగాయలు చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయమంటాం. పక్క బెడ్‌లో వాంతులూ విరేచనాలతో పొటాషియం పడిపోయిన మనిషికేమో అవే కొబ్బరి నీళ్లు మంచివి. రెండు వారాలుగా సరిగ్గా తిండి లేని మనిషికి ముక్కు గొట్టం ద్వారా మొదటి రోజే పూర్తి ఫీడ్ ఇస్తే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇదంతా వీడియోలు చూస్తే వచ్చేది కాదు, సీనియర్ల వెనకాల కేస్ షీట్లు పట్టుకుని తిరిగితే వస్తుంది.

చట్టం లేదన్నది అబద్ధం. 2021లో పార్లమెంటు చేసిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టంలో డైటీషియన్లూ ఉన్నారు, న్యూట్రిషనిస్టులూ ఉన్నారు. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 3,600 గంటల డిగ్రీ చదువు ఉండాలని అందులో రాసుంది. అమలు నత్తనడకన సాగుతున్న మాట నిజమే, దానికి నాకూ కోపమే, కానీ అమలు ఆలస్యమైతే చట్టం లేనట్టు కాదు కదా.

"ఆర్డీ అంటే పేరు పక్కన రెండక్షరాలే" అని కూడా ఉంది ఆ మెసేజ్‌లో. ఆ అక్షరాలు, అంటే రిజిస్టర్డ్ డైటీషియన్ అన్న గుర్తింపు, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే పరీక్ష పాసైతే వస్తాయి. ఆ పరీక్ష రాయాలంటే ఈ సబ్జెక్టులో డిగ్రీ తర్వాతి చదువూ కావాలి, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్పూ కావాలి. అమెరికా వెళ్దామనుకునే మన పిల్లలకైతే ఇంకో మాట, 2024 జనవరి 1 నుంచి అక్కడ కొత్తగా ఆర్డీ పరీక్ష రాయాలంటే మాస్టర్స్ తప్పనిసరి.

మొదట్లో ఆసుపత్రి జీతాలు తక్కువే, దాచను. కానీ మన హైదరాబాద్ తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చెబుతుంది. ఇంత దగ్గర్లో అలాంటి చోటు పెట్టుకుని సర్టిఫికెట్ల వెంట పడతారా?

ఆ అమ్మాయికి ఒక్కటే చెప్పాను. డబ్బు కట్టే ముందు ఆ సర్టిఫికెట్ కోర్సు వాళ్లకి ఫోన్ చేసి, "ఏ ఆసుపత్రిలో, ఏ వార్డులో, ఎన్ని నెలలు పని నేర్పిస్తారు?" అని అడగమన్నాను. అడిగింది. అటువైపు నుంచి ఫీజులో డిస్కౌంట్ ఇస్తామన్నారట.