నిర్మాతే దర్శకుడైతే

అచ్చంపేటలో స్థిరపడిన విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకునికీ, హైదరాబాదులో సహాయ ఛాయాగ్రాహకునిగా పనిచేస్తూ అమ్రాబాద్ అడవిపై సొంత డాక్యుమెంటరీ తీయదలచిన ఆయన పూర్వ శిష్యునికీ జరిగిన వాదమిది. వన్యప్రాణి చిత్రానికి నిర్మాత, దర్శకుడు ఒక్కరే కావచ్చునా అన్నది విషయం.

అధ్యాపకుడు: ఖర్చు భరించేవాడే ఏది చూపాలో కూడా నిర్ణయిస్తే, అప్పు పెరిగేకొద్దీ సత్యం పలచబడుతుంది. 1958 నాటి డిస్నీ చిత్రం ‘వైట్ వైల్డర్‌నెస్’లో లెమ్మింగులు (ఎలుకల వంటి చిన్న జంతువులు) తమంతట తామే సముద్రంలో దూకి చస్తున్నట్లు చూపారు, నిజానికి వాటిని వేరే చోటి నుంచి తెప్పించి, సముద్రమే లేని కెనడాలోని అల్బర్టాలో నీళ్లలోకి తోశారు. దానికి ఆస్కార్ కూడా వచ్చింది.

శిష్యుడు: సార్, అక్కడ డబ్బు స్టూడియోది, దర్శకుడు వేరొకరు. మీ ఉదాహరణ నా పక్షానే నిలుస్తున్నది. (ఇక్కడ శిష్యునిదే పైచేయి అని ఒప్పుకోవాలి.) బయటి నిర్మాత మొదటి నిమిషంలోనే పులిని అడుగుతాడు. 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన మన టైగర్ రిజర్వులో పులి అడిగినప్పుడు కనిపించదు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఎలుగుబంటి కోసం ఓపికగా కూర్చోవాలంటే ఆ సమయం నా చేతిలో ఉండాలి.

అధ్యాపకుడు: ఓపిక నశించాక, ఎండాకాలంలో అటవీశాఖ ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్ల (జంతువుల కోసం కట్టిన సిమెంటు నీటితొట్ల) దగ్గరికే వెళ్తావు. సిమెంటు అంచు కనబడకుండా చిత్రీకరించి, సహజమైన నీటిగుంట అంటావు.

శిష్యుడు: ట్యాంకరునే చూపుతాను. మనిషి జాడలేని అడవిని కోరే నిర్మాత ఆ దృశ్యాన్ని ఉండనివ్వడు. గుజరాత్ తీరంలో వేల్ షార్కుల వేటపై ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ తీసిన మైక్ పాండే నిర్మాత, దర్శకుడు రెండూ తానే. ఆ తర్వాత 2001లో ఆ చేపను వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణనిచ్చే మొదటి షెడ్యూలులో చేర్చారు.

అధ్యాపకుడు: అది సరే. చిత్రీకరణ గడువు పెరిగితే నీ వెంట నడిచే చెంచు ట్రాకర్లకు కూలి ఎవరిస్తారు? వేరే నిర్మాత ఉంటే దర్శకుడు వారి తరఫున అడగగలడు. నిన్ను నువ్వే ఏమడుగుతావు?

శిష్యుడు: వారి కూలి ముందే విడిగా పెట్టి, కెమెరా అద్దె తగ్గించుకుంటాను.

అధ్యాపకుడు: పొడవాటి లెన్సు వదులుకుంటే జంతువుకు దగ్గరగా పోవలసి వస్తుంది. 2022 సవరణ తర్వాత చట్టంలోని 28వ సెక్షను, జంతువుకూ దాని ఆవాసానికీ చెరుపు జరగకుండా తీసే చిత్రాలకే అనుమతినిస్తుంది.

శిష్యుడు: అయితే లెన్సు ఉంటుంది, నిడివే తగ్గుతుంది. గంట చిత్రం ఇరవై నిమిషాలవుతుంది.

అధ్యాపకుడు: ఇరవై నిమిషాల చిత్రాన్ని ఎవరు కొంటారో, అడవికి బయలుదేరే ముందే కనుక్కో.